చలిబిళ్ళ

నూకరత్నాన్ని గొడ్రాలన్న నోళ్ళలో మొట్టమొదటి నోరు సత్యవేణి కన్నతల్లిదే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా సత్యవేణికి సిగ్గూ కోపమూ కలిసి వచ్చేవి. తానేమో విశాఖపట్నం పరిశోధనాలయంలో కూర్చుని, కొందరు ఆడవాళ్ళకు నెలనెలా గుడ్డు ఎందుకు విడుదల కాదో తేల్చే పని చేస్తోంది. ఊళ్ళో సొంత వదినకు అదే లోపమని ఏళ్ళ తరబడి మందులు మింగిస్తున్నారు. చినలంకలో ఈ ముచ్చట చెప్పుకుని నవ్వుకోని గుమ్మం లేదు.

ఆ నవ్వులకు తల్లి అచ్చియ్యమ్మ ఒక మందు కనిపెట్టింది. కొడుకు పేర్రాజుకు ఇంకో సంబంధం చూసింది. దసరా వెళ్ళాక ముహూర్తం. అలాగని రత్నాన్ని తరిమెయ్యదట, ఇంట్లోనే ఉంచుకుంటుందట. ఎంత దయ చూడండి. రత్నం చేపల పులుసు బాగా పెడుతుంది మరి. పేర్రాజు పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, ఎంత మొండి ఇంజనునైనా మాట్లాడిస్తాడు, తల్లి ముందు తన నోరు మాత్రం పెగలదు.

ముహూర్తం కబురు తెలిసిన వారమే సత్యవేణి వదినను విశాఖ రప్పించింది.

పరీక్ష అంటే పెద్దగా ఏమీ లేదు. తలకు ఒక పట్టీ కట్టుకుని సాయంత్రందాకా కుర్చీలో కూర్చోవాలి. రత్నం కూర్చున్నది కూర్చున్నట్టే గదిలో ఉన్న యంత్రాలన్నిటి పేర్లూ అడిగింది, కిటికీలోంచి కనిపిస్తున్న ఓడలు లెక్కపెట్టింది, పక్క కుర్చీలోని ముస్లిం అమ్మాయికి జడ వేసింది.

"వదినా, తల కదపకు."

"నా తలలో ఏం దొరుకుద్దే? లోపం కడుపులో కదా."

"కడుపుకి పని చెప్పేది తలే," అంది సత్యవేణి. "గంటకో గంటన్నరకో మెదడు ఒక పిలుపు పంపుతుంది. ఆ పిలుపు వరసగా అందితేనే గుడ్డు ఎదుగుతుంది. ఇదిగో, ఈ అమ్మాయికి చూడు. మెదడు మరీ కంగారుగా పిలుస్తోంది. గుడ్లన్నీ ఒకేసారి లేచి కూర్చుంటాయి, ఒక్కటీ పండదు. సరిగ్గా తిండి లేనివాళ్ళకి, దిగులుతో చిక్కిపోయినవాళ్ళకి ఎప్పుడో గానీ పిలవదు. ఒక్క గుడ్డూ లేవదు."

"నాదేంటి మరి? కంగారా, దిగులా?"

సత్యవేణి తెరవైపు తిరిగింది. రత్నం గీత కంగారూ కాదు, దిగులూ కాదు. చదునుగా ఉంది. మెదడు పిలవబోయిన ప్రతిసారీ ఎవరో నోరు నొక్కినట్టు గీత లేచీ లేవకముందే తెగిపోతోంది. తెగినచోట చిన్న మెలిక ఉంది. ఆ మెలికను సత్యవేణి తెరమీద పెద్దది చేసి మళ్ళీ చూసింది. తాను కుట్టిన జాకెట్టును దర్జీ ఎక్కడున్నా గుర్తుపడతాడు. ఆ మెలిక సత్యవేణి చేతిపనే.

నాలుగేళ్ళ కింద ఆమె రూపాయి బిళ్ళంత యంత్రం ఒకటి తయారుచేసింది. చెవి వెనక పెట్టుకుంటే అది మెదడు పిలుపులు విని, దారితప్పిన లయను మెల్లిగా దారిలో పెడుతుంది. ముందు పాత లయను ఆపాలి, తర్వాత కొత్తది మొదలుపెట్టాలి. ఆపేటప్పుడు పడేదే ఆ మెలిక, బిళ్ళ తీశాక కూడా కొన్నాళ్ళు పోదు. ఊళ్ళలో ఇంజనీర్లు దొరకరని, పక్కపక్కన పెడితే ఒక బిళ్ళను చూసి ఇంకో బిళ్ళ లయ నేర్చుకునే ఏర్పాటు కూడా చేసింది. ఆమె గురువు ప్రొఫెసర్ శేషశయనం అన్నీ చూసి, పైవాళ్ళు అనుమతి ఇవ్వలేదమ్మా, దీని సంగతి మరిచిపో అన్నాడు. ఆ రాత్రి ఏడ్చి, ఆమె మరిచిపోయింది.

"వదినా, చెవి దగ్గర ఏమన్నా పెట్టుకుంటున్నావా?"

"నేనా? ఏమీ లేదు. షెడ్డులో టోపీకి చలిబిళ్ళ ఉంటది, అంతే."

"చలిబిళ్ళ ఏంటి?"

"రొయ్యలు వలిచేటప్పుడు పొద్దుగూకులూ ఐసులోనే కదా చేతులు. తలనొప్పి రాకుండా తాతబ్బాయిగారు అందరికీ టోపీల్లో కుట్టించాడు. మూడేళ్ళయింది. మంచోడులే, మా గురించి ఆలోచిత్తాడు."

"అది పెట్టుకున్నాకే నీకు నెలసరి ఆగిపోయిందా?"

రత్నం నవ్వింది. "ఐసులో చేతులెట్టేవాళ్ళకి అంతేనే. చలి కడుపుకి ఎక్కేత్తది. మా షెడ్డులో అందరికీ అంతే. మా అమ్మకీ సరిగ్గా వచ్చేది కాదు."

అదీ అసలు సంగతి. రొయ్యల షెడ్డు పుట్టినప్పటినుంచీ అక్కడి ఆడవాళ్ళు అన్నిటికీ ఐసునే తిడతారు. వేళ్ళు పాచిపోయినా ఐసే, కీళ్ళు పట్టేసినా ఐసే. నెలసరి పోతే మాత్రం ఇంకొకరిని అనుమానిస్తారా? దొంగతనానికి ఇంతకంటే అనువైన ఇల్లు దొరకదు.

*

తాతబ్బాయి షెడ్డుకు ఒక నియమం ఉంది. వాకిట్లో గంగమ్మ పటం, దాని ముందు ఇత్తడి గంట. పనికి వచ్చిన ప్రతి ఆడమనిషీ గంట కొట్టి లోపలికి వెళ్ళాలి. బయట చేరినవాళ్ళు గంట ముట్టకుండా వెనక్కి తిరగాలి, ఆ నాలుగు రోజులూ కూలి పోతుంది. తాతబ్బాయి తండ్రి కాలంలో విదేశాలకు వెళ్ళిన సరుకంతా ఓసారి తిరిగొచ్చింది. ముట్టయిన మనిషి ఎవరో షెడ్డు తొక్కిందని పూజారి చెప్పాడు. గంట అప్పుడు కట్టారు. తాతబ్బాయిది ఈ విషయంలో దొంగ భక్తి కాదు, నిజంగానే నమ్ముతాడు. మైల అంటే అతనికి వెన్నులో వణుకు. కాకపోతే రోజూ నలుగురైదుగురు వాకిట్లోంచి తిరిగిపోతుంటే ప్రాణం ఉసూరుమనేది. అటు గంగమ్మకు కోపం రాకూడదు, ఇటు బల్ల దగ్గర చేతులు తగ్గకూడదు. ఆ చిక్కును విప్పింది శేషశయనం.

ఆ పెద్దమనిషి దాన్ని దాచిపెట్టనూ లేదు. సత్యవేణి గదిలోకి వచ్చి గీత కాగితం బల్లమీద పెడితే, కళ్ళజోడు సర్దుకుని చూసి, కుర్చీ చూపించాడు.

"కూర్చోమ్మా. నీ పని వృథాగా పోలేదని సంతోషించాలి నువ్వు."

"నేను చేసింది గుడ్డు రావడానికి సార్. మీరు రాకుండా చెయ్యడానికి వాడారు."

"యంత్రం ఒకటే కదా. ఆపడం దగ్గర ఆపేశాం. ముందుకు పోలేదు. అంతే తేడా."

"వాళ్ళకి చెప్పారా?"

"చెబితే అర్థమవుతుందా? చలి తగ్గే సాధనమని అనుమతి పత్రాలున్నాయి, ఎక్కడ ఫిర్యాదు చేసినా ఏళ్ళు పడుతుంది. అయినా హాని ఏముంది? తీసేస్తే మళ్ళీ వస్తాయి. నెలకు నాలుగు రోజుల కూలి మిగిలింది వాళ్ళకి. కొందరైతే దండం పెట్టాలి మనకి."

"మా వదినని ఊరంతా గొడ్రాలంటోంది సార్."

ఆయన కాసేపు గీతకేసి చూశాడు. నిజంగా బాధపడ్డాడేమో కూడా. "మీ వదిన అక్కడ పనిచేస్తోందని ముందే చెప్పి ఉంటే ఆమె బిళ్ళ ఒక్కటీ తీయించేవాణ్ణి కదా," అన్నాడు.

ఆ మాటతో సత్యవేణికి నెత్తురు మరిగింది. అంతదాకా ఆమెకు న్యాయం కావాలనిపించింది. ఆ గది దాటేటప్పటికి న్యాయం అక్కర్లేదు, పగ కావాలి. తీసేస్తే వస్తాయి అన్నాడుగా, తీయను, వాటితోనే తెప్పిస్తాను అనుకుంది. దసరానాడు తాతబ్బాయి కొత్త షెడ్డు ప్రారంభం. విదేశాల నుంచి కొనేవాళ్ళు వస్తారు. చెరువులన్నీ ఒకేసారి పట్టి, వాళ్ళ కళ్ళముందు రొయ్యలు వలిపించాలని అతని ఆర్భాటం. ఆ రోజే, ఆ గంట ముందే, అతని నియమంతోనే అతని మెడ విరవాలి.

ఒక కొత్త బిళ్ళ తయారుచేసి, దానికి పూర్తి లయ నేర్పింది. పని అయిపోయాక టోపీలన్నీ షెడ్డులోనే ఒక చెక్క అరలో వరసగా పెట్టి ఛార్జింగ్ పెడతారని రత్నం ఎప్పుడో మాటల్లో చెప్పింది. ఆ అరలో ఇదొక్కటి పెడితే చాలు, దాన్ని చూసి మిగతావన్నీ నేర్చుకుంటాయి. చినలంక బస్సెక్కినప్పుడు సత్యవేణికి పళ్ళు కొరికి కొరికి దవడ నొప్పి పుట్టింది.

*

ఇంట్లో అడుగు పెట్టగానే అచ్చియ్యమ్మ కూతురికి కొత్త చీర చూపించింది. పెళ్ళికూతురికట.

"ఎలా ఉందే?"

"వదిన చేత పులుసు పెట్టించి, వదిన కళ్ళముందే ఇది మడత పెడుతున్నావా అమ్మా?"

"దానికి నేనేం తక్కువ చేశాను? దాని ఒంట్లో లేంది నేను తేగలనా? నువ్వంత చదివావు, నువ్వు తేలేకపోయావు."

సత్యవేణి నోటిదాకా వచ్చిన జవాబును మింగింది. దసరాదాకా ఈ మాట బయటపడకూడదు. వదినను పెరట్లోకి తీసుకెళ్ళి, అంతా చెప్పి, బిళ్ళ చేతిలో పెట్టింది. రత్నం వలిచి వలిచి పాచిన వేళ్ళతో ఆ బిళ్ళను అటూ ఇటూ తిప్పింది. తర్వాత కళ్ళనీళ్ళు కారాయి, వాటిని తుడుచుకోను కూడా లేదు.

"మూడేళ్ళు," అంది. "మొక్కని దేవుడు లేడే. పుట్టమన్ను తిన్నాను."

"తెలుసు వదినా. అందుకే. దీన్ని అరలో పెట్టెయ్. ఎవరికీ చెప్పకు. దసరానాటికి షెడ్డులో ఒక్క చెయ్యి కూడా ఉండదు. వాడి బతుకు ఆ వాకిట్లోనే తెల్లారిపోవాలి."

"ఎవరికీ చెప్పకుండానా?"

"చెబితే వాడికి తెలిసిపోతుంది."

రత్నం తల ఎత్తింది. ఆ చూపు సత్యవేణి ఎన్నడూ చూడలేదు.

"తాతబ్బాయి మమ్మల్ని అడిగాడా? అడగలేదు. నువ్వడిగావా? నువ్వూ అడగట్లేదు. మీ ఇద్దరికీ మా టోపీలే దొరికాయా సత్యా?"

సత్యవేణికి చెంప మీద కొట్టినట్టయింది. శేషశయనం గదిలో తానడిగిన ప్రశ్న అదే కదా. వాళ్ళకి చెప్పారా అని. ఆయనతో అన్న మాట తనకే ఎదురొచ్చి నిలబడితే పెరట్లో అరుగు మీద కూలబడింది.

"నాకూ కడుపు మండిపోతంది," అంది రత్నం, కాస్త మెత్తబడి. "వాణ్ణి ఉతికి ఆరెయ్యాలనే ఉంది. కానీ మా ఒళ్ళు మావి. అడుగుదాం రా."

*

చినలంక ఆడవాళ్ళు షెడ్డుకు వెళ్ళాలంటే గోదారి పాయ దాటాలి. రెండు పడవలు కలిపి పైన పలకలు పరిచిన పంటు మీద రోజూ వెళ్ళొస్తారు. పంటు మీద సూపర్‌వైజర్లు ఉండరు, ఇంజను హోరుకు పక్కవాళ్ళ మాట తప్ప వినపడదు. మర్నాడు పొద్దున్నే సత్యవేణి వాళ్ళ మధ్యన కూర్చుంది. డాక్టరమ్మ పేడ వాసన, రొయ్య వాసన పట్టించుకోకుండా పలకల మీద కూర్చుందేమిటా అని అందరూ చుట్టూ చేరారు.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. బిళ్ళ తన చేత్తో చేసిందేనని కూడా చెప్పింది. విన్నవాళ్ళు మొదట నమ్మలేదు. ఐసు కాదా అని ఒకావిడ మూడుసార్లు అడిగింది. పెళ్ళయి ఏడాది తిరిగిన వరహాలు అనే పిల్ల మోకాళ్ళలో తలపెట్టుకుని ఏడ్చింది. భద్రమ్మ అయితే శాపనార్థాలు మొదలుపెట్టి, పాయ మధ్యకు వచ్చేదాకా ఆపలేదు. ఆ కోపం చూస్తుంటే సత్యవేణికి కడుపు నిండినట్టుంది.

"ఇప్పుడేం చేత్తారు మీరు?" అని అడిగింది గన్నెమ్మ. రొయ్యలు వలిచే బల్లకు పెద్ద ఆవిడే. ముగ్గురు పిల్లల తల్లి.

"ఈ కొత్త బిళ్ళను అరలో పెడితే, మీ బిళ్ళలన్నీ ఒకేసారి పిలుపు మొదలుపెడతాయి. గుడ్డు ఎదుగుతుంది, విడుదలవుతుంది. కడుపు నిలవకపోతే ఆ తర్వాత రెండు వారాలకు బయట చేరతారు. అందరూ ఒక్కసారే. అది దసరా పొద్దుటికి వచ్చేలా చూస్తాను. తర్వాత మీరు గంట ముట్టకుండా నిలబడితే చాలు."

"ఉత్తినే బయటున్నామని చెబితే పోదా?" అంది వరహాలు, ముక్కు తుడుచుకుంటూ.

"గంగమ్మ ముందు అబద్ధమా? కళ్ళు పోతాయే," అని నలుగురు ఒకేసారి కసిరారు.

"నిలిత్తే?" అంది ఇంకెవరో వెనకనుంచి, నవ్వు ఆపుకుంటూ.

"నిలిస్తే చేరరు. అంతే."

పంటు మీద చాన్నాళ్ళకు నవ్వులు వినిపించాయి. గన్నెమ్మ మాత్రం నవ్వలేదు.

"నా మాట చెప్తాను వినండి. నాకు ఆ నెలనెలా గోల లేకపోతే హాయిగానే ఉందమ్మా. నడుం నొప్పి లేదు, గుడ్డలుతికే పని లేదు. మళ్ళీ రమ్మని నేను కోరుకోను. కానీ నన్నడగలేదు చూశావా, అది మాత్రం హాయిగా లేదు. దానికోసం ఒక్క నెల నడుం నొప్పి పడతాను. పెట్టు నీ బిళ్ళ."

వద్దన్నవాళ్ళు ఇద్దరున్నారు. ఒకామెకు రక్తం తక్కువ, ఇంకొకామెకు భయం. వాళ్ళ టోపీలు అరలో పెట్టకుండా ఇంటికి పట్టుకుపోయేట్టు, దసరా ముందురోజు నుంచి పనికి రాకుండా ఉండేట్టు మాట్లాడుకున్నారు. పంటు ఒడ్డుకు తగిలేసరికి అది సత్యవేణి పగ కాదు, వాళ్ళ పగ అయింది. దింపుకున్న బరువేదో సత్యవేణికి భుజాల మీద తెలిసింది.

*

ఆ నెల షెడ్డులో జరిగిన చిత్రాలు సూపర్‌వైజరుకు అంతుపట్టలేదు. ఉత్తపుణ్యానికి ఒకరిమీద ఒకరు విసుక్కునేవాళ్ళు, అంతలోనే కౌగిలించుకునేవాళ్ళు. పచ్చి మామిడికాయ కావాలని ఒకరంటే పదిమంది నోళ్ళూరేవి. భద్రమ్మకు మొహం నిండా కుర్రపిల్లల్లా మొటిమలు లేచాయి. ఎప్పుడో ఆరిపోయిందనుకున్న ఒళ్ళు మళ్ళీ మొదలవుతుంటే కొందరికి భయం వేసింది. వరహాలు పొత్తికడుపు పట్టుకుని బల్లమీదే వాలిపోయింది ఒకరోజు. సత్యవేణి విశాఖలో కూర్చుని కొత్త బిళ్ళ పంపే గీతలు చూస్తూ, ప్రతిరోజూ ఫోన్లో ఒక్కొక్కరి పేరూ అడిగేది. ఎవరికైనా ఏమైనా అయితే తాతబ్బాయికీ తనకూ తేడా ఏముంటుందన్న దిగులు ఆమెను తినేసింది. పగ తీర్చుకోవడం ఇంత ఆయాసమని ఆమెకు ముందు తెలియదు.

దసరా ముందురోజు మధ్యాహ్నం ఫోన్లు మొదలయ్యాయి. గన్నెమ్మ, భద్రమ్మ, వరహాలు. చీకటి పడేసరికి అందరూ. ఒక్క రత్నం దగ్గరనుంచే రాలేదు.

పండగ పొద్దున సత్యవేణి చినలంక చేరి, వదినను పెరట్లోకి లాగి పరీక్ష చేసింది. బిళ్ళ పని చెయ్యలేదేమోనని ఆమె భయం. బిళ్ళ బ్రహ్మాండంగా పనిచేసింది. రత్నానికి కడుపు నిలిచింది.

"వదినా," అంది సత్యవేణి. "అమ్మకి చెప్పనా?"

"వద్దు," అంది రత్నం. "మీ అన్నకి కూడా వద్దు. నేను చెప్పినప్పుడే."

*

షెడ్డు వాకిలి మామిడి తోరణాలతో వెలిగిపోతోంది. గంట తోమించి మెరిపించారు. పందిట్లో అన్నదానమని పనివాళ్ళ ఇళ్ళవాళ్ళనందరినీ పిలిచాడు తాతబ్బాయి. మొగుళ్ళు, అత్తలు, పిల్లలు అప్పుడే వరసలు కట్టారు. అచ్చియ్యమ్మ పేర్రాజును పక్కన పెట్టుకుని ముందు వరసలోనే ఉంది. కొనేవాళ్ళ తరఫున వచ్చిన విదేశీ ఆవిడ, ఆమె మాటలు తెలుగు చేసే కుర్రవాడు, శేషశయనం కుర్చీల్లో కూర్చున్నారు. వెనకాల లారీల్లో చెరువుల నుంచి పట్టిన రొయ్యలు. ఐసు కరిగి టైర్ల పక్కన నీళ్ళు కారుతున్నాయి.

కంపెనీ ఇచ్చిన కొత్త చీరలు కట్టుకుని ఆడవాళ్ళు వచ్చారు. వాకిట్లోకి వచ్చి, గంటకు ఇవతలే ఆగారు.

"ఏం గన్నెమ్మా, లోపలికి రారేం? ముహూర్తం మించిపోతంది," అన్నాడు తాతబ్బాయి.

"బయటున్నామండి."

"ఎవరు?"

"అందరమూనండి."

తాతబ్బాయి నవ్వాడు. "పండగపూట ఎకసెక్కాలా? గంగమ్మ ముందు అబద్ధాలాడకూడదు."

"అందుకేనండి నిజం చెప్తన్నాం. గంట ముట్టుకోమంటే చెప్పండి. మీ మాట మీద ముట్టుకుంటాం."

అతను నోరు తెరిచాడు. ముట్టుకోండి అన్న ఒక్క మాట అంటే పనైపోయేది. ఆ మాట అతని గొంతు దాటలేదు. పటంలోని గంగమ్మకేసి, లారీలకేసి, మళ్ళీ గంటకేసి చూశాడు. నుదుటిమీద చెమట పట్టింది. భయం కోపమైంది.

"అబద్ధం. మీలో ఒక్కదానికీ రాదు. రావడానికి వీల్లేదు."

"ఎందుకు రాదండీ?" అంది రత్నం, మర్యాదగా.

శేషశయనం లేచి వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఊరుకోండి," అన్నాడు మెల్లిగా. ఊరుకునే స్థితిలో లేడు తాతబ్బాయి. చెయ్యి విదిలించుకుని ఆయన మీదే విరుచుకుపడ్డాడు.

"మీరే కదండీ చెప్పింది, ఆ బిళ్ళ టోపీలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ రాదని. మూడేళ్ళనించీ రాలేదు కదా. ఇవాళెలా వచ్చింది? చెప్పండి."

పందిట్లో వడ్డిస్తున్నవాళ్ళ చేతుల్లో గరిటెలు ఆగిపోయాయి. తెలుగు చేసే కుర్రవాడు విదేశీ ఆవిడ చెవిలో మాట మాట చెప్పుకుపోతున్నాడు, చెప్పేకొద్దీ వాడి గొంతు తగ్గిపోతోంది. ఆడవాళ్ళలో సగం మంది ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. తానేమన్నాడో తాతబ్బాయికి అప్పుడు తెలిసొచ్చింది. శేషశయనం మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆయన చూపు గుంపులో వెతికి వెతికి సత్యవేణి మీద ఆగింది. తీసేస్తే మళ్ళీ వస్తాయన్నారు కదా సార్ అన్నట్టు ఆమె తల ఊపింది. ఆ క్షణంలో ఆమెకు కలిగింది మంచివాళ్ళకు కలగవలసిన సంతోషం కాదు. అయినా అది సంతోషమే, తనివితీరా అనుభవించింది.

వరసల్లోంచి మగవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. పిల్లలు లేరని పెళ్ళాన్ని పుట్టింటికి తోలినవాడు ఒకడు, వరహాలును కొట్టినవాడు ఒకడు. తమ తప్పు గుర్తొస్తే మనిషికి కోపం రెట్టింపవుతుంది కాబోలు, వాళ్ళే ముందు కుర్చీలు విరిచారు. విదేశీ ఆవిడ తిన్నగా కారెక్కింది. పోలీసులు వచ్చేసరికి ఎండ ముదిరి, లారీల్లో రొయ్యల తలలు నల్లబడి, వాసన పందిరిదాకా కొట్టింది. వలిచే చెయ్యి ఒక్కటీ లేదు.

తాతబ్బాయి గంట కింద మెట్టుమీద కూర్చుండిపోయాడు. రత్నం అతని ముందుకు వెళ్ళింది.

"నువ్వూ బయటేనా?" అన్నాడు, తల ఎత్తకుండా.

రత్నం చెయ్యి చాచి గంట కొట్టింది. ఆ చప్పుడుకు అందరూ ఇటు తిరిగారు. గన్నెమ్మ అయ్యయ్యో అంటూ ముందుకు రాబోయి ఆగింది. రత్నం లోపలికి వెళ్ళి, అరలోంచి తన టోపీ తెచ్చి, కుట్టు తెంపి, బిళ్ళను తాతబ్బాయి ఒళ్ళో వేసింది.

"నేను బయట లేనమ్మా," అని గంగమ్మకు చెప్పింది. "చూసుకో."

షెడ్డులోని ఆడవాళ్ళందరూ చేరిన రోజున చేరని మనిషి ఒక్కతే ఉంది. పంటు మీద సత్యవేణి చెప్పిన మాట అందరికీ ఒక్కసారే గుర్తొచ్చి, భద్రమ్మ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఎందుకో పక్కవాళ్ళు చెబితే గానీ అచ్చియ్యమ్మకు తెలియలేదు. తెలిశాక ఆకు ముందునుంచి ఎంగిలి చేత్తోనే లేచింది.

*

పంటు ఎక్కేటప్పటికి అందరికీ ఒంట్లో సత్తువ లేదు. గన్నెమ్మ నడుం పట్టుకుని పలకల మీద చతికిలబడింది.

"డాక్టరమ్మా, ఒక మాట. ఆ బిళ్ళ నాకు మళ్ళీ కావాలి. ఈసారి నేనే అడుగుతున్నాను."

"నీ ఒక్కదానికే చేసిస్తాను," అంది సత్యవేణి. చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వు వచ్చింది.

అప్పుడు రేవులోకి అచ్చియ్యమ్మ రొప్పుకుంటూ వచ్చింది. వెనక పేర్రాజు. ఆమె మోకాలి లోతు నీళ్ళలోకి దిగి పంటు అంచు పట్టుకుంది.

"రత్నం, దిగమ్మా. పేర్రాజు వేరే పడవ కుదిర్చాడు, మనింటికి పోదాం. ఆ సంబంధం వద్దని ఇప్పుడే కబురెట్టించాను. నీకేం కావాలంటే అది వండిపెడతాను. నా తల్లివి కదూ."

రత్నం కోడలై వచ్చాక ఆ నోట తల్లి అన్న మాట వినడం ఇదే మొదలు. ఆమె ఒంగి, అత్త చేతిమీద చెయ్యి వేసింది.

"వత్తాను అత్తా. ఒక్క మాటకి జవాబు చెప్పు, వచ్చేత్తాను. ఈ బిళ్ళ తీసినా, ఈ నెలా నాకు నిలవకపోయుంటే? ఏనాటికీ నిలవకపోయుంటే? అప్పుడు కూడా నన్ను ఇలాగే పిలుద్దువా?"

అచ్చియ్యమ్మ పెదవులు కదిలాయి. కొడుకుకేసి చూసింది. పేర్రాజు ఇసకకేసి చూశాడు. సాయం కోసం కూతురికేసి చూసింది. సత్యవేణి చూపు తిప్పుకోలేదు, నోరూ విప్పలేదు.

ఇంజను మోగింది. రత్నం అత్త వేళ్ళను ఒక్కొక్కటే పంటు అంచుమీంచి తీసి, జాగ్రత్తగా నీళ్ళలో వదిలింది.

ఇదంతా జరిగి బిడ్డకు పేరు కూడా పెట్టారు. రత్నం గన్నెమ్మ ఇంటి పక్కనే పాక వేసుకుంది. పేర్రాజు రోజూ వచ్చి గుమ్మంలో కూర్చుని వెళతాడు. అచ్చియ్యమ్మ పాకదాకా వస్తుంది, దడి దగ్గర ఆగుతుంది. ఆ జవాబు ఆమెకు ఇంకా దొరకలేదు.